నాన్నగారి రాత్రి సైకిలు ప్రయాణం గురించి

డెల్ఫ్ట్, నెదర్లాండ్స్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను కులాసా. వన్ టౌన్‌లో కొట్టు కట్టేశాక మీరు ఇప్పటికీ రాత్రి తొమ్మిది దాటి, ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లికి సైకిలు మీదనే వస్తున్నారని అమ్మ ఫోనులో చెప్పింది. మానెయ్యమని నేను అడగను, మీరు మానరు. అయితే తమ్ముడు కొనిచ్చిన చిలకపచ్చ కోటు ఉండగా భయమేమిటని మీరన్నారట. ఆ ధీమా గురించే ఈ ఉత్తరం.

ఆ రంగు పగలు అంతగా మెరవడానికి కారణం ఎండలోని అతినీలలోహిత కిరణాలు. హెడ్‌లైట్ల వెలుగులో అవి దాదాపు ఉండవు కనుక, చీకటి పడ్డాక ఆ కోటు మామూలు లేతరంగు గుడ్డతో సమానం. రాత్రివేళ పనికివచ్చేవి దాని మీది వెండిరంగు పట్టీలు మాత్రమే. అవి తమ మీద పడిన వెలుగును నలువైపులా చెదరగొట్టకుండా వచ్చిన దారినే వెనక్కి, అంటే బండి నడిపేవాడి కళ్ల వైపుకే పంపుతాయి. అటువంటి పట్టీలు రెండు చీలమండల దగ్గర కూడా కట్టుకోండి. డిమ్‌లో పెట్టిన లైటు నేలకు దగ్గరగానే పడుతుంది. పైగా తొక్కుతున్నప్పుడు పైకీ కిందికీ ఆడే మెరుపును చూడగానే అది సైకిలు తొక్కే మనిషని ఎవరైనా పోల్చుకుంటారు, కదలని మెరుపయితే రాతిస్తంభమో, ఆగిన బండో అనుకోవచ్చు. ఈ దేశంలో పెడళ్లకు పసుపు రిఫ్లెక్టర్లు ఉండాలని చట్టమే ఉంది.

పట్టీలైనా రిఫ్లెక్టర్లయినా ఇంకొకరి లైటు మీద ఆధారపడినవే. హెడ్‌లైటు పాడైన ఆటో వెనక నుంచి వస్తే అవి చేయగలిగింది లేదు. అందువల్ల వెనక ఎర్రదీపం తప్పనిసరి. మీ పాత డైనమో దీపం చక్రం ఆగితే ఆరిపోతుంది, బ్యారేజీ మీద రద్దీలో ఆగిపోయినప్పుడే దానితో అవసరం ఎక్కువ. బ్యాటరీ దీపం కొనండి. మిణుకుమిణుకుమనేది వద్దు. ఇక్కడ దానికి అనుమతి లేదు, అదెంత దూరంలో ఉందో అంచనా వేయడమూ కష్టమేనని నా అభిప్రాయం. ముందు తెల్లదీపాన్ని కాస్త కిందికి వంచండి, ఎదురొచ్చేవారి కళ్లలో కొట్టకూడదు.

కరకట్ట మీద మరీ జాగ్రత్త. ఎదురుగా లారీ ఫుల్ లైటు వేసుకొస్తే, మీ వెనక కారువాడికి ఆ వెలుగు తప్ప ఇంకేమీ కనబడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటేస్తాడు.

ఇంకొక మాట. క్యారియరు మీది కూరగాయల సంచి వెనక్కి జారి మడ్‌గార్డు చివరి తెల్లరంగునూ రిఫ్లెక్టరునూ కప్పేస్తూ ఉంటుంది. దీపాన్ని సంచి అడ్డురాని చోట బిగించి, ఒక రాత్రి తమ్ముణ్ణి స్కూటరు మీద, డిమ్ లైటుతో, మీకు బాగా వెనకగా రమ్మనండి. మీరెంత దూరం నుంచి కనబడుతున్నారో వాడు నాకు ఫోను చేసి చెప్పాలి. ఆరోజు సంచి ఖాళీగా ఉండకూడదు.

ఇట్లు,
మీ కుమార్తె