పాటకూ పాతకూ నడుమ

నల్లగొండ,
ఆదివారం

బిడ్డా,

మీ అమ్మ పెట్టె సర్దుతున్నది. సర్దుకుంట ఒకటే మాట: "నాకు ఇంగ్లీషు రాదు, గా డల్లాస్‌ల పిల్లతోటి ఏం మాట్లాడాలె?" రెండు భాషలు వింటే పిల్ల తికమక పడతదని ఎవరో చెప్పిండ్రని మొన్న ఫోన్‌ల అన్నవు కదా, అది ఆమెకు గుచ్చుకున్నది.

ముప్పై ఏండ్లు బళ్లె సైన్సు చెప్పిన గానీ ఈ సంగతి రిటైరైనంకనే చదివిన. 1984ల కెనడాల జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనేటోళ్లు ఇంగ్లీషు ఇండ్ల చంటిపిల్లలకు హిందీ 'త', 'ట' వినిపించిండ్రు. ధ్వని మారంగనే పిల్ల తల తిప్పితే తేడా పట్టినట్టు, అప్పుడు పక్కన బొమ్మ ఆడేది. ఆ తేడా ఇంగ్లీషుల లేదు, అక్కడి పెద్దోళ్లకే సరిగ పట్టదు. కానీ ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు పట్టిండ్రు! పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి చాలామందికి పట్టలేదు. చెవులు చెడి కాదు బిడ్డా. రోజూ వినే ధ్వనుల మీద మెదడు పదునెక్కుతది, వినని వాటిని వదిలేస్తది. మనకు 'పాట' వేరు, 'పాత' వేరు. మన పిల్లకు ఇప్పుడు ఏడో నెల.

ఫోన్‌ల తెలుగు పాటలు పెడుతున్న కదా అంటవేమో. 2003ల ప్యాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లల ముందర మాండరిన్, అంటే చైనా భాష, మాట్లాడేటోళ్లను కూసోబెట్టింది. 12 సార్లు, తడవకు 25 నిమిషాలు, బొమ్మలు, పుస్తకాలు, ముచ్చట్లు. ఆ పిల్లలకు మాండరిన్ ధ్వనులు పట్టువడ్డయి. అవే ముచ్చట్లు టీవీల చూసినోళ్లకు ఏమీ అబ్బలేదు. మనిషి కావాలె, కండ్లల్లకు చూసి మాట్లాడే మనిషి.

తికమక అన్నది ఉత్త మాట. రెండు భాషల పిల్లలు మాటలు కలిపి మాట్లాడతరు, అంతే. రెండూ కలిపి లెక్కేస్తే వాళ్ల మాటలేం తక్కువుండవు.

మీ నాయినమ్మ యాదికొస్తున్నది. కాళ్ల మీద ఏసుకొని నీళ్లు పోసుకుంట నీతోని "ఇదేందే? చెవ్వూ... ఇదేందే? ముక్కూ..." అని సాగదీసి పలికేది. చంటిపిల్లలు అట్ల సాగదీసిన మాటనే ఎక్కువ ఇష్టంగ వింటరట. ఆమెకు అది ఎవరూ నేర్పలేదు. నేనేమో, నువ్వు పెద్దగయినంక "యాడికి వోయినవ్" అంటే "ఎక్కడికి వెళ్లావు అనాలె" అని గద్దించిన. నాయినమ్మ మాటనే నీ నోట్లకెల్లి గుంజేసిన. ఇప్పుడు తలుసుకుంటే మనసు కలుక్కుమంటది. పిల్ల దగ్గర నువ్వు మాత్రం ఇంట్ల మాటే మాట్లాడు.

ఇదంతా మీ అమ్మకు చదివి వినిపించిన. ఏమీ అనలేదు. పెట్టెల నుంచి రెండు పట్టుచీరలు తీసి పక్కన పెట్టి, ఆ జాగల పాత మెత్తటి ధోతి మడతేసి పెట్టింది. నీళ్లు పోసినంక పిల్లను చుట్టాలెనట.

మీ నాయిన