రాయవరంతో పూర్తయింది, మీ అందరికీ కృతజ్ఞతలు

ఆదివారం ఉదయం రాయవరం తహసీల్దారు కార్యాలయం బోర్డు ముందు ఫొటో తీయించుకోవడంతో కోనసీమ మండలాలన్నీ పరుగెత్తడం పూర్తయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా ఏర్పడిన నాటి 22 మండలాలు. ప్రతి మండల కేంద్రానికీ పొరుగు మండలం నుంచి కాళ్ల మీదే చేరాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఏళ్లు పట్టింది. చివరిది అంతర్వేదిలో, సముద్రం ఒడ్డున అయి ఉంటే ఫొటో బాగుండేదని చాలామంది అన్నారు. నిజమే, కానీ అంతర్వేది ఉన్న సఖినేటిపల్లి మండలం ఎప్పుడో అయిపోయింది. మిగిలింది రాయవరం. అమలాపురం వైపు వాళ్లం గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఉన్నదాన్నే కోనసీమ అంటాం. గౌతమి అవతల ఉన్న రాయవరం మాకు పొరుగూరే. అయినా జిల్లా ఏర్పడిన నాటి కాగితాల్లో ఉంది కాబట్టి వెళ్లాను. రాయవరం వారు ఆ సంగతేదీ పట్టించుకోకుండా కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు.

మా ప్రాంతంలో నలభై దాటిన ఆడమనిషి రోడ్డు మీద పరుగెడుతోందంటే బస్సు తప్పిపోయి ఉండాలి, లేదా ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చి ఉండాలి. అందుకే “ఎక్కండమ్మా, దింపేస్తాం” అనని బండి లేదు. ఆ మాట కోసం ఆగిన ప్రతి ఒక్కరికీ నమస్కారం. ఎక్కనన్నందుకు నొచ్చుకున్న వారికి మరీను. అయితే ఇదంతా రాస్తున్నది ముఖ్యంగా, నేను ఎక్కనన్న తరువాత కూడా వెళ్లిపోకుండా ఇంకేదో ఒకటి చేసిన వారి కోసం.

రావులపాలెం నుంచి ఆలమూరు మండలంలోకి వెళ్లాలంటే జాతీయ రహదారి మీద గౌతమి వంతెన దాటాలి. లారీ పక్కనుంచి వెళ్తే ఆ గాలికే మనిషి పక్కకు తూలుతుంది. మార్కెట్‌లో అరటి గెలలు ఎత్తుకుని వస్తున్న వ్యాను డ్రైవరు ఎక్కమన్నాడు, ఎక్కనన్నాను. “సరే, మీ ఇష్టమండి” అని వంతెన పొడవునా నా వెనకాలే, లైట్లు మిణుకు మిణుకుమనిపిస్తూ, నా వేగానికి తగ్గి నడిపాడు. వెనక ఎన్ని హారన్లు మోగినా తొందరపడలేదు. జొన్నాడ దగ్గర చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. పేరైనా అడగలేదు. ఆ రోజు ఆయన గెలలకు మంచి ధర వచ్చి ఉండాలని కోరుకుంటున్నాను.

ముక్తేశ్వరం, కోటిపల్లి రేవులో మనుషులనూ బళ్లనూ నది దాటించే పంటును నడిపే సరంగు గారికి ప్రత్యేకంగా చెప్పాలి. గోదావరికి నీళ్లు వస్తే పంటు ఆగిపోతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారన్నది పేపరులో చదివే విషయమే, కానీ రేవుకు ఆ లెక్క పనికిరాదు. అంతకు చాలా ముందే వాళ్లు నది రంగు చూసి చెప్పేస్తారు. వానాకాలమంతా ఆయన నాకు ముందు రాత్రి ఫోను చేసి “రేపు రావద్దమ్మా” అనో, “ఆయ్, రావచ్చు” అనో చెప్పేవారు. నది మీద పరుగెత్తడం కుదరదు కదా, నియమం తప్పినట్టు కాకుండా పంటు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ ఉండేదాన్ని. “మీరు ఎంత తిరిగినా పంటు తొందరగా వెళ్లదండి” అన్నారాయన. మోటారు సైకిళ్ల వాళ్లంతా నవ్వారు. తరువాతి సారి ఆ బళ్లను పక్కకు జరిపించి నాకు దారి చేయించింది కూడా ఆయనే.

పి.గన్నవరం దగ్గర మాత్రం నేను ఓడిపోయాను. గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పక్కనే కాటన్ దొర నాటి పాతది ఇంకా ఉంది. సీతమ్మ గారు 1909లో పోయారు కానీ, ఆకలితో ఎవరినీ ముందుకు పోనివ్వకూడదన్న పట్టుదల ఆ ఊళ్లో పోలేదు. బండి ఎక్కనంటే ఒప్పుకున్నారు, టిఫిను వద్దంటే ఒప్పుకోలేదు. పెసరట్టు ఉప్మా తిని పరుగెత్తగలిగిన వారెవరైనా ఉంటే ఆ కిటుకు నాకు చెప్పండి. అక్కడి నుంచి అంబాజీపేట వరకు నేను చేసిన దాన్ని పరుగు అనడం అబద్ధమే అవుతుంది. దారిలో కొబ్బరికాయల దింపు తీస్తున్న వాళ్లు చెట్టు మీద నుంచే చూసి, ఒక బోండాం కొట్టి గట్టు మీద పెట్టారు. డబ్బు ఇవ్వబోతే, తోట మాది కాదు, బోండాం లెక్కలోది కాదు, తీసుకోవడం ఎలా అన్నారు.

ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల గట్లు. అక్కడ మనుషుల కంటే కాపలా కుక్కలు ఎక్కువ. కర్ర పట్టుకుని గట్టు చివరిదాకా నాతో వచ్చిన కాపలాదారు తాతగారూ, మీరు నడవలేదు, దాదాపు పరుగెత్తారు. మీ కోడలు కోప్పడిందని తరువాత తెలిసింది. ఆమెకు నా క్షమాపణలు.

ఇప్పుడు చెప్పేది రాయాలా వద్దా అని మా ఆడపడుచును అడిగితే రాయమంది. ఆడవాళ్లు ఎక్కువ దూరాలు పరుగెత్తకపోవడానికి కాళ్ల నొప్పులు కారణం కాదు, దారిలో మరుగుదొడ్డి లేకపోవడం. తెల్లవారుజామున తలుపు తడితే, ఎవరు, ఏమిటి అని అడగకుండా పెరటి వైపు చూపించిన ఇళ్లు మామిడికుదురులో, మలికిపురంలో, అయినవిల్లిలో, ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. ఒకావిడ అయితే నేను బయటికి వచ్చేసరికి కాఫీ కలిపి ఉంచారు. ఈ మొత్తం ప్రయాణంలో దీనికంటే పెద్ద సాయం లేదు. పతకం ఇవ్వాలంటే ఆ తలుపులు తీసిన వారికే ఇవ్వాలి.

తహసీల్దారు కార్యాలయాల వాచ్‌మెన్లకు కూడా. ఆదివారం పూట చెమటతో గేటు దగ్గర నిలబడితే “అర్జీలు రేపమ్మా” అన్నవారే, బోర్డు ముందు ఫొటో కావాలంటే గేటు తీసి, ఫోను అడ్డంగా పట్టుకోవాలా నిలువుగానా అని అడిగి మరీ తీశారు. మోకాలు వాచినప్పుడు రెండు నెలలు కదలనివ్వని ఫిజియోథెరపీ డాక్టరు గారికి అప్పుడు విసుక్కున్నాను, ఇప్పుడు దండం పెడుతున్నాను.

మా ఆడపడుచు గురించి ఎక్కువ రాస్తే తిడుతుంది. స్కూటీ మీద నీళ్లు, పొడి చొక్కా, చెప్పులు పెట్టుకుని వెనక వచ్చేది. “వదినా, ఇంకో కిలోమీటరే” అని ప్రతిసారీ అబద్ధం చెప్పేది. మా ఇంట్లో ఆదివారాల వంట ఎవరు చేశారో అని ఆశ్చర్యపోతున్న వారికి సమాధానం: మా వారు, మామయ్యగారు. సాంబారు బాగానే వచ్చేది.

ఒక పని మిగిలింది. ముమ్మిడివరంలో వానలో తడిసి ముద్దయితే తువ్వాలు ఇచ్చిన అమ్మగారూ, అది మా ఇంట్లోనే ఉంది, ఉతికి మడత పెట్టి ఉంచాను. పచ్చ గేటు, గేటు పక్కన పనసచెట్టు ఉన్న ఇల్లు అని గుర్తు. ఈ నెలలోనే తెచ్చి ఇస్తాను. ఈసారి బస్సులో వస్తాను, టిఫిను కూడా తింటాను.