నీ నవల గురించి, చలం గురించి

విశాఖపట్నం,
ఆదివారం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. పిన్ని బతుకు మీద రాస్తున్న నవల ఆపేశానని రాశావు. కారణం చదివాక నాకు కోపం కంటే దిగులే ఎక్కువైంది. అచ్చయితే చిన్నాన్న గుర్తుపట్టేస్తాడు, అమ్మ నలుగురిలో తలెత్తుకోలేదు, రేపు చెల్లి పెళ్ళికి సంబంధాలు రావు. ఇదేగా నీ టెన్షన్? ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను. పెద్ద ఉత్తరమే అవుతుంది, కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

ఈమధ్య నేను రచయిత చలం ఆత్మకథ మళ్ళీ పట్టుకున్నాను. సాయంత్రాలు ద్వారకానగర్ లైబ్రరీకి వెళ్ళి, ఫ్యాను కింద సీటు దొరికితే దొరికినట్టు, లేకపోతే గోడవారన కూర్చుని చదువుతున్నాను. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు అందులో గొడవలే కనిపించాయి నాకు. ఎవరితో ఏం జరిగింది, ఎవరు తిట్టారు, అవే. ఇప్పుడు చదువుతుంటే వేరే మనిషి కనిపిస్తున్నాడు. రాసినందుకు రోజువారీ బతుకులో ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందో తెలిసీ రాసినవాడు. నువ్వు ఇప్పుడు నిలబడి ఉన్న చోటే ఆయన జీవితమంతా నిలబడ్డాడురా.

మద్రాసులో బి.ఏ. చదువుకునే రోజుల సంగతి ఉంది చూడు. పెళ్ళాన్ని కాన్వెంటు బడిలో చేర్పించి, సైకిలు మీద ఎక్కించుకుని దింపి వచ్చేవాడు. ఇప్పుడు మనకి అది వార్తే కాదు. ఆ కాలంలో అదొక వీధి నాటకం. అప్పటికింకా స్త్రీల గురించి ఆయన పుస్తకం ఒక్కటీ రాలేదు. ముందు సైకిలు తొక్కాడు, తర్వాత రాశాడు. ఈ వరస నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. చాలామంది రచయితలు ముందు రాసేసి, ఇంట్లో మాత్రం పాత పద్ధతిలోనే బతికేస్తారు.

ఆయన నవల మైదానం 1927లో వచ్చింది. అంటే దాదాపు వందేళ్ళు. అయినా మనవాళ్ళ మధ్య ఆ పేరెత్తి చూడు, వెంటనే రెండు జట్లు తయారవుతాయి. ప్లీడరు పెళ్ళాం రాజేశ్వరి ఇల్లు వదిలి అమీర్ వెంట వెళ్ళిపోవడం దగ్గరే అందరూ ఆగిపోతారు. నాకైతే ఆ నవలతో వేరే పేచీ ఉంది. ఒక మగాడి ఇంట్లోంచి బయటపడ్డ మనిషి ఇంకో మగాడి ఇష్టాయిష్టాల కిందకే వచ్చింది కదా. అమీర్ కూడా పెత్తనం చేసినవాడే. ఆమె చేతికి సొంత సంపాదన లేదు, తన పని అంటూ లేదు. ప్రేమ ఒక్కటే మనిషిని నిలబెడుతుందని చలం నమ్మాడు. నేను నమ్మను. కానీ పెళ్ళయిన ఆడదానికి తన ఒంటి మీద, తన మనసు మీద తనకే హక్కుందని, అదీ ఆమె నోటితోనే చెప్పించడం ఆ రోజుల్లో మాటలు కాదు. తర్వాత 1980ల్లో మన స్త్రీవాద రచయిత్రులు ఆయనతో పోట్లాడారు, ఒప్పుకున్నారు, మళ్ళీ పోట్లాడారు. వాళ్ళు మొదలుపెట్టడానికి ఒక చోటంటూ ఉందంటే అది ఆయన వేసిపోయిందే.

ఆ భాష సంగతి కూడా చెప్పాలి. మన గురజాడ, గిడుగు కలిసి వాడుక మాటని పుస్తకాల్లోకి తేవడానికి ఎంత పోరాడారో మనకి బళ్ళోనే చెప్పారు. చలం ఆ మాటని పడగ్గదిలోకీ వంటింట్లోకీ తీసుకెళ్ళాడు. ఆయన వాక్యం చదువుతుంటే ఎవరో పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, మనకే చెబుతున్నట్టుంటుంది. ఆయన ఆలోచనల పుస్తకం మ్యూజింగ్స్‌లో ఏ పేజీ తీసినా అంతే. ఒక మనిషి గురించి మొదలెట్టి, చెట్టు మీదకి పోయి, ఎవరి కవిత్వం మీదో తగువేసుకుని, ఎక్కడో తేలతాడు. నీ రెండో అధ్యాయంలో నువ్వు పత్రికాభాషలోకి జారిపోయావు, చూసుకో. మొదటి అధ్యాయంలో నీ గొంతు ఉంది.

అసలు నేను చెప్పాలనుకున్నది మైదానం గురించి కాదు. మహారాణిపేటలో ఉండే మా పెద్దత్తయ్య నీకు గుర్తుందిగా, సెలవులకి వెళ్తే మనిద్దరికీ పనసతొనలు వలిచి పెట్టేది. ఆవిడ పోయాక బీరువా సర్దుతుంటే అడుగు అరలో బిడ్డల శిక్షణ దొరికింది. చలమే రాశాడు. బళ్ళ తనిఖీ ఉద్యోగం చేసిన మనిషి కదా, దెబ్బలు తినే పిల్లల్ని ఎంతమందిని చూశాడో. పిల్లలు మన ఆస్తి కారని, మన కోపాన్ని వాళ్ళ మీద చూపించి దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టొద్దని ఆ పుస్తకం పొడుగునా పోరతాడు. అత్తయ్య ప్రతికి ఖాకీ అట్ట వేసి ఉంది. సముద్రపు గాలికి పిన్నులు తుప్పుపట్టి, లోపలి పేజీల మీద గోధుమరంగు మరకలు పడ్డాయి. కొన్నిచోట్ల అంచున సన్నటి పెన్సిల్ గీతలు. కొట్టడం గురించి రాసిన ఒక పేరా పక్కన, గుండ్రటి చేతిరాతతో, "నేనూ ఇంతే" అని ఉంది.

ఆ రెండు మాటలూ చూసి చాలాసేపు ఏమీ సర్దలేకపోయాను. మా పెద్ద బావని అడిగాను. ఆయన చిన్నప్పుడు బీరువా మీద ఒక చింత బరికె ఉండేదట. రోజూ దానికి పనిపడేదట. తర్వాత ఒక వేసవిలో అది కనిపించకుండా పోయింది. అప్పట్నుంచి అత్తయ్యకి కోపమొస్తే వరండాలోకి వెళ్ళి, రెయిలింగ్ గట్టిగా పట్టుకుని, కాసేపు నిలబడి లోపలికొచ్చేదట. పిల్లలకి ఆ వరండా అంటే భయం పోయి, అమ్మ ఎప్పుడొస్తుందా అని చూసేవారట. ఆయన ఇది చెబుతుంటే గొంతు పట్టేసింది.

ఇప్పుడు చెప్పు, ఒక రచయిత ప్రభావం అంటే ఏంటి? సభలూ, సావనీర్లూ, శత జయంతులూనా? మా అత్తయ్య ఏ సభకీ వెళ్ళలేదు. చలం గురించి ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. మామయ్యకి ఆ పేరంటేనే పడదు కాబట్టి ఇంట్లో ఆ ప్రస్తావనే వచ్చేది కాదు. కానీ ఆ ఇంట్లో పుట్టిన పిల్లల వీపులకి ఆ పుస్తకం సంగతి తెలుసు. వాళ్ళ పిల్లలు ఇవాళ దెబ్బ అంటే ఏంటో తెలియకుండా పెరుగుతున్నారు. మైదానంలో రాజేశ్వరికి ఏం కావాలని రాశాడో, పిల్లాడికీ అదే కావాలని రాశాడు ఆయన. ఎవరూ ఎవరి సొత్తూ కారు. ఆయన మొత్తం సాహిత్యంలో నాకు మిగిలింది ఇదే.

దీనికి ఆయన చెల్లించింది తక్కువేం కాదు. బంధువులు దూరమయ్యారు, అద్దెకి ఇల్లివ్వడానికి భయపడ్డారు, బూతు రచయిత అని ముద్ర వేశారు. ఆయన ఒక్కడే కాదు, ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఆ వెలిని మోశారు. ఆత్మకథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. నీకు ఈ సంగతి దాచి పెట్టి "రాసెయ్ రా" అనలేను. నీ భయంలో అమ్మ ఉంది, చెల్లి ఉంది. అది పిరికితనం కాదు.

కానీ ఇంకో వైపు కూడా చూడు. అన్ని తిట్లు తిన్న మనిషి లోపల ఎండిపోవాలి కదా? మన విశాఖ శ్రీశ్రీ మహాప్రస్థానానికి ముందుమాట అడిగితే 1940లో చలం ఏం రాసిచ్చాడు? పుస్తకం 1950 దాకా రానేలేదు గానీ యోగ్యతాపత్రం అనే ఆ ముందుమాట మాత్రం పుస్తకంతో పాటు బతికిపోయింది. కవిత్వాన్ని తూచే రాళ్ళు తన దగ్గర లేవన్నాడు. తనకంటే పదహారేళ్ళు చిన్నవాడైన కవికి ఒక పెద్ద రచయిత అంత చోటు ఇవ్వడం నేను ఇంకెక్కడా చూడలేదు. బీచ్ రోడ్డులో శ్రీశ్రీ విగ్రహం దాటినప్పుడల్లా నాకు ఆ పేజీలే గుర్తొస్తాయి.

ఈ ఊరికి రచయితల్ని నిలదీసే అలవాటు కూడా ఉంది. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి ఇక్కడే జరిగింది. విద్యార్థులు కరపత్రం వేసి, రచయితలారా మీరెటు వైపు అని అడిగారు. దాని వేడిలోంచే విరసం, అదే విప్లవ రచయితల సంఘం, పుట్టింది. అప్పటికి చలం అరుణాచలం చేరి ఇరవై ఏళ్ళు. దేవుడి దగ్గరికి పోయి కూర్చున్నాడని వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం ఆ వెళ్ళడంలో కూడా అదే మనిషి కనిపిస్తాడు. తనకి నిజమనిపించిన దానికోసం ఉన్నచోటు వదిలేసేవాడు. బ్రహ్మసమాజాన్నీ అలాగే పట్టుకున్నాడు, అలాగే వదిలేశాడు. 1979లో ఆయన పోయాక కూతురు సౌరిస్ గారు మన భీమిలికే వచ్చి ఉండేవారు. నువ్వొచ్చినప్పుడు అటు వెళ్దాం.

ఇక నీ నవల. పేర్లు మార్చు, ఊరు మార్చు, చిన్నాన్నకి వేరే ఉద్యోగం ఇయ్యి. అమ్మకి అచ్చుకి ముందే నువ్వే చదివి వినిపించు, ఇంకెవరి నోటి వెంటో వినకూడదు. చిన్నాన్నని దెప్పడానికి రాస్తున్నావంటే ఇప్పుడే ఆపెయ్, నేనూ వద్దనే అంటాను. పిన్ని ఎలా బతికిందో చెప్పడానికి రాస్తున్నావంటే ఆపడానికి నీకు హక్కు లేదు. రేషన్ షాపు క్యూలో నిలబడి పిన్ని తనలో తాను పాడుకుంటూ, పక్కింటావిడ రాగానే టక్కున ఆపేసే సీను ఉంది చూడు, దాన్ని నువ్వు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ రాయలేరు. ఆ పాట ఏంటో మాత్రం నువ్వు చెప్పలేదు. అది చెప్పాలి. ఆవిడ మొగుడి ముందు ఎందుకు పాడదో కూడా రావాలి. అక్కడే నువ్వు జంకి పేరా మార్చేశావని నాకు చదువుతుంటేనే తెలిసిపోయింది.

వచ్చే నెల్లో వస్తానన్నావుగా, రాసిన అధ్యాయాలన్నీ పట్టుకురా, కొట్టేసిన కాగితాలతో సహా. అత్తయ్య పుస్తకం నా దగ్గరే ఉంది, వచ్చాక చూద్దువుగాని, అరువు మాత్రం ఇవ్వను. ఈలోగా ఆ క్యూ సీను తిరగరాసి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపించు. అమ్మకి నమస్కారాలు, చెల్లికి నా దీవెనలు.

ఉంటాను రా,
నీ బావ