కప్పు కింది మబ్బు

చెన్నై

ప్రియమైన రాఘవకు,

ఉభయకుశలోపరి. అమెరికాలోని ఫ్లోరిడాలో నాసా వారు రాకెట్లను కూర్చే భవనంలో కప్పు కింద మబ్బులు పట్టి వాన కురుస్తుందన్న మాట నిజమేనా, నిజమైతే ఇంత ఉక్కపోతలో ఉండే మా చెన్నైలో ఏ మాల్‌లోనూ ఒక్క చినుకైనా ఎందుకు రాలదు అని అడిగావు. మబ్బు పట్టడం సాధ్యమే, వాన మాత్రం కట్టుకథ అని నా అభిప్రాయం. లెక్క చూపకుండా చెప్పిన మాటను నువ్వు ఏనాడూ ఒప్పుకున్నవాడివి కాదు కనుక కాస్త తీరిగ్గానే రాస్తున్నాను.

ఆ భవనం 1966లో పూర్తయింది. మనుషులను చంద్రుడి మీదికి పంపిన శాటర్న్ ఫైవ్ రాకెట్‌ను నిటారుగా నిలబెట్టి బిగించడం కోసం కట్టారు కాబట్టి దాని ఎత్తు 160 మీటర్లు, లోపలి ఖాళీ 36 లక్షల ఘనపు మీటర్లకు పైనే. బాగా తేమగా ఉన్న రోజుల్లో కప్పు కింద మబ్బు కడుతుందని, అది కట్టకుండా పెద్ద పెద్ద ఏసీ యంత్రాలతో తేమను లాగేస్తూ ఉంటారని చెబుతారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్‌లో బోయింగ్ వారి విమానాల కర్మాగారం దీనికి మూడింతలకు మించినది, ప్రపంచంలో లోపలి ఖాళీ అన్నింటికంటే ఎక్కువగా ఉన్న భవనం అదే. తొలినాళ్లలో అక్కడా పైన ఆవిరి పేరుకునేదని చెప్పుకుంటారు. వీటన్నింటికంటే నాకు ఆసక్తి కలిగించింది ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో 1929లో గాలి ఓడల (తేలికైన వాయువు నింపి ఎగరేసే ఎయిర్‌షిప్‌ల) కోసం కట్టిన షెడ్డు. వాతావరణం ఉన్నట్టుండి మారినప్పుడు దాని కప్పు నుంచి సన్నని తుంపర రాలి, లోపల వాన పడుతోందేమో అన్న భ్రమ కలిగిస్తుందట. పొడవు 358 మీటర్లయినా దాని ఎత్తు 64 మీటర్లే. నాసా భవనంలో సగం కూడా లేని ఎత్తులో తుంపర రాలుతోందంటే, అందరూ అనుకునేటట్లు ఎత్తు ఒక్కటే కారణం కాదన్న మాట.

ఎత్తు చేసే పని ఎంతో చూడు. పైకి లేచే గాలి వ్యాకోచించి, వంద మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. నేల మీది గాలి ఉష్ణోగ్రతకూ, అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే తుషార స్థానానికీ మధ్య ఒక డిగ్రీ తేడా ఉంటే, పైకి పోయేకొద్దీ తుషార స్థానం కూడా కాస్త తగ్గుతుంది కనుక, ఆ గాలి దాదాపు 125 మీటర్లు లేస్తే గాని మబ్బు కట్టదు. కాబట్టి 160 మీటర్ల భవనంలో, కేవలం పైకి లేచినందువల్లే మబ్బు పుట్టాలంటే, అడుగున ఆ తేడా 1.3 డిగ్రీలకు మించకూడదు, అంటే గాలిలో తేమ 93 శాతం దాకా ఉండాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో తెల్లవారుజామున మా చెన్నై గాలి ఆ స్థాయికి తేలిగ్గానే చేరుతుంది. అటువంటి గాలిని లోపలికి రానిచ్చి కాస్త పైకి నెడితే మబ్బు కడుతుంది, నిజమే. కానీ అందులో భవనం గొప్పతనం ఎంత? ఆ తేమంతా బంగాళాఖాతానిది.

అసలు పని చేసేది కప్పు. పగలు ఎండకు కాలిన రేకు కింద వేడిగాలి, నేల దగ్గర చల్లగాలి పొరలు పొరలుగా కదలకుండా ఉండిపోతాయి కనుక లోపల ఏ మార్పూ ఉండదు. రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలి, లోపలి గాలి కంటే చల్లబడుతుంది. అప్పుడు దానికి తగిలిన ఆవిరి, అన్నం గిన్నె మూత లోపలి వైపు పట్టినట్టు చెమ్మగిల్లి, బొట్లు బొట్లుగా రాలుతుంది. ఆక్రన్ తుంపర కూడా ఈ కోవలోదే అయి ఉంటుందని నా ఊహ. చూసేవారికి వానలా ఉన్నా, ఆ నీరు మబ్బులోంచి వచ్చింది కాదు.

ఇక నిజమైన వాన సంగతి. ఒక వాన చినుకు తయారు కావాలంటే మబ్బులోని సన్నని నీటి బిందువులు సుమారు పది లక్షలు ఒకదానితో ఒకటి కలవాలి, అందుకు మబ్బు మందంగా ఉండాలి, చాలాసేపు నిలవాలి. నాసా భవనాన్ని చెన్నైకి తెచ్చి నిలబెట్టామనుకో. మన తేమగాలిలో ఘనపు మీటరుకు 24 గ్రాముల ఆవిరి ఉంటే లోపల మొత్తం 88 టన్నుల నీరు ఉన్నట్టు, అంటే 9,000 లీటర్ల నీళ్ల లారీలు దాదాపు పది. ఎండాకాలంలో లారీ కోసం బిందెలతో వరుసలో నిలబడే మా వాళ్లకు ఈ లెక్క చెబితే కప్పెక్కి పిండుతామంటారేమో! కానీ అదంతా నేల మీద పరిస్తే నాలుగు మిల్లీమీటర్లకు కూడా చేరదు, పైగా ఆవిరినంతటినీ నీరుగా మార్చడం కుదిరే పని కాదు. పొగమంచులో నీటి బొట్లుగా ఉండేది సాధారణంగా ఘనపు మీటరుకు అర గ్రాము కంటే తక్కువే. మూడో వంతు గ్రాము చొప్పున నేల నుంచి కప్పు దాకా మంచే నిండి ఉందనుకున్నా, అది కురిస్తే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. వాతావరణ శాఖ వారు 2.5 మిల్లీమీటర్లు పడితే గాని దాన్ని వాన పడిన రోజుగా లెక్కించరు.

బయటి ఆకాశానికీ, కప్పు కింది ఆకాశానికీ ఉన్న తేడా ఇక్కడే తేలిపోతుంది. ఒక మబ్బు గంటల తరబడి కురిసిందంటే మొదట దానిలో ఉన్న నీరు కురిసింది కాదు. కింద నుంచి సముద్రపు ఆవిరి ఎడతెగకుండా అందుతూ ఉన్నంతసేపే అది కురుస్తుంది. తలుపులు మూసిన భవనంలో ఆ సరఫరా ఏది? బెర్న్‌డ్‌నౌట్ స్మిల్డే అనే డచ్ కళాకారుడు పెద్ద పెద్ద హాళ్లలో నీటి తుంపర, పొగ కలిపి గది మధ్యలో మబ్బు తునకను సృష్టిస్తాడు. ఫొటో తీసేలోగానే అది చెదిరిపోతుంది.

మాల్ విషయంలో నా జవాబు వింటే నువ్వు నవ్వుతావు. అక్కడ వాన పడుతూనే ఉంటుంది, మన కంటికి కనబడని చోట. తలుపు తెరిచినప్పుడల్లా, బయటి గాలిని లోపలికి లాగినప్పుడల్లా కొత్త ఆవిరి వస్తుంది. ఆ గాలి ఫాల్స్ సీలింగ్ వెనక, చల్లని ఏసీ కాయిళ్లకు తగిలి, తనలోని నీటిలో దాదాపు సగం అక్కడే వదులుతుంది, ఆ నీరు డ్రెయిన్ పైపులో పడి పోతుంది. సరఫరా, చల్లదనం రెండూ ఆగకుండా ఉన్న చోటు ఆ భవనం మొత్తానికీ అదొక్కటే మరి. గాలి కూడా వీస్తుంది. ఈసారి వచ్చినప్పుడు ఏదైనా పెద్ద మాల్ గుమ్మంలో తలుపు తెరిచి నిలబడు. పాదాలకు చల్లగాలి బయటికి కొడుతుంది, తల మీదుగా ఉక్కగాలి లోపలికి వస్తుంది. చలిదేశాల ఎత్తైన మేడల్లో వేడిగాలి పైకి పోతూ కింది తలుపుల్లోంచి బయటి గాలిని లోపలికి లాగుతుంది. మన దగ్గర అది తలకిందులు.

మనకు దగ్గరలోని శ్రీహరికోటలో కూడా రెండో ప్రయోగ వేదిక కోసం రాకెట్లను నిటారుగా కూర్చే భవనం ఉంది. నాసా దానికంటే చాలా చిన్నది, పైగా సముద్రం పక్కనే. అక్కడ మబ్బు కట్టినట్టు నేను వినలేదు, చదవలేదు.

ఇప్పుడు నీతో ఒక పని ఉంది. మీ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు దించడానికి చాంబర్ తలుపు తెరిచినప్పుడు గుమ్మం దగ్గర తెల్లని పొగమంచు పాకడం నువ్వు రోజూ చూసేదే. తలుపు మూసిన తరువాత అది ఎంతసేపు నిలుస్తుందో గమనించు. కొద్ది నిమిషాల్లో మాయమై, ఆ తేమ కాయిల్ మీద మంచుగా పేరుకుంటుందని నా లెక్క. వీలైతే అడుగు వరుసలో ఒక థర్మామీటరు, పై వరుసలో ఒకటి వేలాడదీసి రెండు అంకెలూ రాసి పంపు. నా లెక్క తప్పితే జవాబులో నిర్మొహమాటంగా చెప్పు. చెల్లెమ్మకూ పిల్లలకూ నా ఆశీస్సులు.

ఇట్లు
నీ శ్రీనివాసు