పాత కారు కొనేముందు స్టెప్నీ ఎత్తి చూడండి

సంపాదకులకు,

నమస్కారం. ఇంట్లో ఉన్న కారు ఇంజిన్ పోయి షెడ్డుకు చేరగానే చాలామంది వారం తిరక్కుండా ఇంకో సెకండ్ హ్యాండ్ కారు తెచ్చేసుకుంటున్నారు. బ్రోకర్లకు కావాల్సింది కూడా ఆ తొందరే. మూడు నాలుగు లక్షల్లో చిన్న కారు వెతుక్కునే మీ పాఠకులకు పనికొస్తాయని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చివర్లో రవాణా శాఖకు ఒక విన్నపం కూడా ఉంది.

ముందు పాడైన బండి సంగతి తేల్చుకోవాలి. క్లచ్ ప్లేటు, ఏసీ కంప్రెసర్, షాకబ్జర్లు పోయాయని కారు మార్చడం దండగ. ముక్కూమొహం తెలియని బండిని తెచ్చుకునే కన్నా తెలిసిన బండికి ఖర్చు పెట్టడమే చౌక. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కు, కింది భాగానికి మధ్య ఉండే అతుకు రేకు) పోయినా హెడ్ దించి సాపు చేయించుకోవచ్చు. ఇంజిన్ సిలిండర్లు అరిగి బోరు పని చేయించాల్సి వచ్చి, అడుగు రేకు తుప్పు పట్టి, 15 ఏళ్ల ఆర్‌సీ గడువు కూడా దగ్గర పడితే అప్పుడు వదిలేయండి. అయితే పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి మాత్రం వేయొద్దు. రిజిస్ట్రేషన్ మీ పేరునే ఉండిపోతుంది, రేపు ఆ ఛాసిస్ నంబరు ఎక్కడ తేలినా పోలీసులు మీ గుమ్మంలోకే వస్తారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి, డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుని, ఆర్‌సీ రద్దు చేయించుకోండి.

‘ఏ మోడల్ మంచిదండీ’ అని అందరూ మొదట అడుగుతారు. నన్నడిగితే మోడల్ కన్నా ఆ బండిని వాడిన చెయ్యి ముఖ్యం. అయినా చెప్పమంటే పెట్రోల్, మాన్యువల్ గేర్లు, టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులను వేళకు తెరిచి మూయించే గొలుసు) ఉన్న ఇంజిన్. వ్యాగన్ఆర్, స్విఫ్ట్‌లలో వచ్చిన మారుతి కె సిరీస్, గ్రాండ్ ఐ10లోని 1.2 కప్పా ఆ కోవలోవే; సామాను ప్రతి ఊళ్లో దొరుకుతుంది. పాత ఐ10లో 1.1 ఇంజిన్‌కు చైన్ ఉండదు, బెల్టు ఉంటుంది. బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే, కొన్న రోజే బెల్టు, టెన్షనర్ మార్చే ఖర్చు ధరలో తగ్గించి అడగండి. డీజిల్ స్విఫ్ట్ మంచి బండే, కానీ నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరగని ఇంటికి ఎందుకు? ఇంజెక్టర్లు, టర్బో ఒకసారి చేతికొస్తే డీజిల్ మీద మిగిలింది మొత్తం అక్కడే పోతుంది. పైగా మారుతి 2020లోనే డీజిల్ ఆపేసింది. షెవర్లే 2017లో, డాట్సన్ 2022లో మన దేశంలో అమ్మకాలు ఆపేశాయి. ఫోర్డ్ ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. ఆ బండ్లు చౌకగా రావడానికి కారణం అదే. దగ్గర్లో ఆ బండి తెలిసిన మెకానిక్, సామాను దొరికే చోటు ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

సంవత్సరం కూడా చూసుకోవాలి. అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) 2019 ఏప్రిల్ నుంచి, ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగులు 2022 మొదటి నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు వచ్చిన బేస్ వేరియంట్లలో అవి ఉండకపోవచ్చు. ఒకే ఏడాది, ఒకే రంగు, ఒకే మోడల్ కార్లు రెండింట్లో ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోవడం మామూలే. కాబట్టి ఆర్‌సీలో వేరియంట్ పేరు చదవండి.

ఇక అసలు విషయం, నీళ్లలో మునిగిన కార్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. అలా మునిగి, ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయించడం దండగని తేల్చి, పరిహారం ఇచ్చేసిన బండి వేలంలో చేతులు మారి, కడిగి ఆరబెట్టాక మళ్లీ బేరానికి రావచ్చు. పై మెరుపు చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని ఇక రానంటే రానన్నదాకా లాగండి. రోజువారీ వాడకంలో బెల్టు సగమే బయటికొస్తుంది, మిగతాది చుట్టలోనే ఉండిపోతుంది. కారు కడిగేవాడు దాన్ని లాగి కడగడు. ఆ చుట్ట ఉండే డబ్బా రెండు డోర్ల మధ్య పిల్లర్ అడుగున ఉంటుంది కాబట్టి సీటు ఎత్తున నీళ్లు వస్తే చాలు, మునిగిపోతుంది. లోపలి బట్ట మీద టీ ఒలికినట్టు గోధుమ రంగు మరక కనిపించినా, వేళ్లకు సన్నటి ఒండ్రు అంటినా ఇక బేరం మాట్లాడక్కర్లేదు. తర్వాత డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి తీయండి. ఆ గుంట అడుగున రబ్బరు బిరడాలు ఉంటాయి, ఒకటి ఊడదీసి దాని అంచు చూడండి. జాకీ, స్పానర్ల తుప్పు చూడండి. ముందు సీటు కింద చెయ్యి పెట్టి పట్టాల బోల్టులు తడమండి. తుప్పు ఉంటే ఒక లెక్క. బోల్టు తలల మీద స్పానర్ గీతలు పడి, సీట్లు విప్పి బిగించినట్టు తెలిస్తే ఎందుకు విప్పారో అమ్మేవాడే చెప్పాలి. కార్పెట్ కింద ఫోమ్ నొక్కితే చెమ్మ తగలకూడదు. డాష్‌బోర్డు కింద ఏదో ఒక వైరు సాకెట్ ఊడదీయండి, పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము ఉండకూడదు.

ఇంత చాదస్తం ఎందుకంటే, మునిగిన కారు కొన్నరోజు బాగానే నడుస్తుంది. సాకెట్లలో దిగిన తడి రాగిని మెల్లమెల్లగా తింటుంది. నెలలు గడిచాక ఒకరోజు స్టార్ట్ కాదు, ఇంకోరోజు పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, ఏ మెకానిక్‌కూ రోగం దొరకదు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సాధారణంగా గేర్ రాడ్డు దగ్గర నేలకు ఆనుకునే ఉంటుంది, నీళ్లొస్తే ముందు తడిసేవాటిలో అదొకటి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే లోపం దాచడానికి ఎవరో ఆ దీపాన్ని తీసేసి ఉండొచ్చు, అది ఇంకా ప్రమాదం.

ఇంజిన్ పరీక్షకు ఒకటే షరతు, బండి చల్లగా ఉండాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే ‘ఇప్పుడే పక్కవీధికి వెళ్లొచ్చామండీ’ అంటారు. నవ్వి ఊరుకుని మర్నాడు పొద్దున్నే వెళ్లండి. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్ల జిడ్డు ఉండకూడదు, కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు తేలకూడదు. స్టార్ట్ చేశాక సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తే ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ కాలుతోంది. చదును నేల మీద హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేర్‌లో పెట్టి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి, ఆగకుండా అరుస్తూ ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే.

మీటరు తిప్పడం చెప్పనక్కర్లేదు. రీడింగ్ 38 వేలు చూపిస్తూ, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఏది నమ్మాలో మీరే ఆలోచించండి. టైరు మీద నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. తక్కువ తిరిగిందన్న బండికి నాలుగు టైర్లూ ఎందుకు మారాయో అడగండి. షోరూం ట్రాక్ ఉందంటే, అంటే సర్వీసులన్నీ కంపెనీ షోరూంలోనే చేయించామంటే, బిల్లుల మీద కిలోమీటర్లు వరసగా పెరిగాయో లేదో చూస్తే చాలు. టింకరింగ్ పని జరిగిందేమో తెలియాలంటే డోరు బీడింగ్ రబ్బరు జానెడు ఊడదీసి లోపలి వెల్డింగ్ చుక్కలు చూడండి. కంపెనీవి గుండ్రంగా, సమాన దూరంలో ఉంటాయి. బంపర్ గీతలు, డోర్ టచప్ పెద్ద విషయం కాదు. పిల్లర్లు, బానెట్ కింద ఆప్రాన్ (ఇంజిన్‌కు రెండు పక్కలా ఉండే లోపలి రేకు) మీద రిపేరు జరిగినట్టు తెలిస్తే మాత్రం వదిలేయండి.

ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే ఏపీ 39 నంబరు వచ్చాక ప్లేటు చూసి జిల్లా చెప్పే రోజులు పోయాయి. ఆర్‌సీలో చిరునామా చదివితే సముద్రపు గాలి తిన్న బండో కాదో కొంత తెలుస్తుంది. విశాఖ, కాకినాడ వైపు బండయితే లిఫ్టు ఎక్కించి అడుగు చూడాల్సిందే.

బేరంలో ఒక మాట వాడుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద పన్ను 29 శాతం నుంచి 18కి తగ్గింది. కొత్త దాని ధర తగ్గాక పాత దానికి అంతకుముందు రేటు చెప్పడం కుదరదు. నాలుగు లక్షలు చేతిలో ఉంటే మూడు లక్షల అరవై వేలకే కొనండి. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, బ్యాటరీ, రెండు టైర్లు, ఇన్సూరెన్స్ మార్పిడికి మిగతాది ఇట్టే అయిపోతుంది.

కాగితాల్లో పేరు మార్పుకు 29, 30 ఫారాలు, అప్పు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35 తప్పనిసరి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్‌టీఏకు తెలపాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) అమ్మినవారిదే, ఆ తేడా మీరు కట్టాలి. ఆర్‌సీలో పేరున్నవారే యజమాని, ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కాబట్టి ‘తర్వాత మార్చుకుంటాలే’ అన్న మాట అమ్మేవారు అస్సలు వినకూడదు.

చివరగా రవాణా శాఖకు విన్నపం. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ గడువులు కనిపిస్తున్నాయి. ఆ కారు మీద ఫలానా తేదీన టోటల్ లాస్ పరిహారం ఇచ్చారన్న ఒక్క వరస మాత్రం కొనేవారికి కనిపించదు. ఆ లెక్క ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర ఉన్నదే. వాటి నుంచి తెప్పించి ఆర్‌సీ వివరాల్లో చేర్పించేలా రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు కేంద్రాన్ని అడగాలి.

ఇట్లు
ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ