‘పరగడుపున’ అని రాస్తున్నారు, ఎందుకో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా ఇంట్లో మీ ఆరోగ్యం పేజీ అందరికంటే ముందు చదివేది మా అమ్మ. ఆవిడకి 78 ఏళ్లు. అరుగు మీద కూర్చుని, వరస మీద వేలు పెట్టుకుని చదువుతుంది. ఫలానా మాత్ర పరగడుపున వేసుకోవాలి, ఫలానాది నమలకూడదు అని మీరు రాసేవన్నీ సరైన మాటలే. ఎందుకు అన్నది మాత్రం ఉండదు. అది లేకపోవడం వల్ల మా ఇంట్లో జరిగింది చెప్పి, ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో, అంటే మాత్రల్లోకి వెళ్లే అసలు మందుపొడి తయారుచేసే చోట, 27 ఏళ్లు ప్రొడక్షన్ కెమిస్టుగా పనిచేసి రిటైర్ అయ్యాను. అందులో పదేళ్ల పైచిలుకు నా చేతుల మీదుగా వెళ్లింది ఒమెప్రజోల్. జనం గ్యాస్ బిళ్ల అంటారే, అదే. రిటైరయ్యాక తెనాలి వచ్చి అమ్మ దగ్గరే ఉంటున్నాను. వచ్చిన వారానికే ఓ రాత్రి, భోజనాలయ్యాక, ఆవిడ ఆ క్యాప్సూల్‌ని రెండుగా విప్పింది. లోపల ఆవగింజలంత తెల్లటి గుళికలుంటాయి. వాటిని చెంచాలో పోసి, ఇంకో చెంచా వెనక వైపుతో మెత్తగా నూరి, మజ్జిగలో కలుపుకుని తాగేసింది. ‘గొంతుకి అడ్డం పడుతోందిరా, అందుకని ఇలా’ అంది. నాలుగేళ్లుగా ఇదే వరసట. మంట తగ్గడం లేదంటే డాక్టరు గారు డోసు కూడా పెంచారు. నూరుకుంటున్నానని ఆవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు.

నాకు నోట మాట రాలేదు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేనే ఒకటి చేసి చూపించేవాణ్ణి. గాజు పలక మీద చిటికెడు ఒమెప్రజోల్ పొడి పోసి, రెండు చుక్కలు ఆమ్లం వేస్తే, ఆ తెల్లటి పొడి చూస్తుండగానే నేరేడుపండు రసం పడ్డట్టు రంగు తిరుగుతుంది. ఇక అది మందుగా పనికిరాదు. కడుపులో ఆమ్లం తగిలినా అంతే. గుళికల మీద పూత ఉన్నది అందుకే. చిన్నపేగు చేరేదాకా అది కరగదు. అమ్మ నాలుగేళ్లుగా రోజూ ఆ పూతని నూరేసి, మందుని తిన్నగా ఆమ్లంలోకి పంపుతోంది.

పేగులో కరిగిన మందు రక్తంలో కలిసి, ఆ దారినే మళ్లీ జీర్ణాశయం గోడకి వస్తుంది. ఆ గోడ కణాల్లో ఆమ్లాన్ని తోడి పోసే పంపులుంటాయి. పంపు మూతి దగ్గరున్న ఆమ్లం తగలగానే మందు రూపు మారి, పంపులోని గంధకానికి తగులుకుంటుంది. మళ్లీ వదలదు. ముందే తగిలితే మందుని చంపే ఆమ్లమే, సరైన చోట తగిలితే దాన్ని పనిలోకి దించుతుంది. స్వీడన్‌లో ఆస్ట్రా కంపెనీ పరిశోధకులు 1979లో తయారుచేసిన మందు ఇది, 1988లో బజారుకొచ్చింది. ఇన్నేళ్లు టన్నుల లెక్కన చేశాక కూడా ఈ పనితనం తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక పరగడుపు సంగతి. పనిలో ఉన్న పంపుకే ఈ మందు తగులుకోగలదు. రాత్రంతా చాలావరకు ఊరుకున్న పంపులు మనం నాలుగు ముద్దలు తినగానే ఒక్కసారిగా లేస్తాయి. రక్తంలో మందు ఉండేది కాసేపే, గంట గంటకీ సగమైపోతుంది. అరగంట ముందు వేసుకుంటే పంపులు లేచే వేళకి మందు అక్కడ కాచుకుని ఉంటుంది. తిన్నాక వేసుకుంటే అదను తప్పిపోతుంది.

తయారీ గురించి కూడా నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే పేపర్లలో మందుల కంపెనీల షేర్ల ధరలే కనిపిస్తాయి తప్ప లోపల జరిగే పని కనిపించదు. ఒమెప్రజోల్ తయారీ చివరి మెట్టులో, దాని అణువులో ఉండే గంధకానికి ఒక ఆక్సిజన్ చేర్చాలి. ఒక్కటే చేర్చాలి. రెండోది కూడా చేరిందా, అది సల్ఫోన్ అనే మలినం. రియాక్టర్‌ని సున్నా కంటే కిందికి చల్లబరిచి, ఆక్సిజన్ ఇచ్చే కెమికల్‌ని కొద్దికొద్దిగా వదులుతూ, శాంపిల్ తీసి క్యూసీకి, అంటే నాణ్యత పరీక్షించే ల్యాబ్‌కి, పంపి, ఫోన్ కోసం చూస్తూ ఎన్ని నైట్ షిఫ్టులు గడిపానో. ఆపాల్సిన చోట ఆపకపోతే బ్యాచ్ పోయినట్టే. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది. సెలెక్టివ్ సింథసిస్ అంటే మా షాప్‌ఫ్లోర్‌లో అర్థం అదే: కావలసిన చోట, కావలసినంతే.

అక్కడితో అయిపోలేదు. ఆ ఆక్సిజన్ ఎటు వైపు చేరిందన్నదాన్ని బట్టి ఈ మందుకి కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాంటి రెండు రూపాలు. మామూలు ఒమెప్రజోల్‌లో రెండూ సగం సగం. అమెరికాలో బ్యారీ షార్ప్‌లెస్ అనే రసాయన శాస్త్రవేత్త టైటానియంతో పాటు టార్టారిక్ ఆమ్లం నుంచి చేసిన పదార్థం వాడి, వేరే రకం అణువుల్లో ఒకే చేతి రూపం వచ్చేలా ఆక్సిజన్ చేర్చే దారి 1980లో చూపించాడు. ఫ్రాన్స్‌లో ఆన్రీ కగాన్ దాన్ని గంధకానికి పనికొచ్చేలా మలిచాడు. ఆ దారినే వచ్చింది ఒకే చేతి రూపం ఉన్న ఒమెప్రజోల్, దాని పేరు ఈసోమెప్రజోల్. షార్ప్‌లెస్‌కి 2001లో నోబెల్ ఇచ్చారు. మన చింతపండు పులుపు కూడా టార్టారిక్ ఆమ్లమే. ఈసోమెప్రజోల్‌కి వాడేది అద్దంలో కనిపించే దాని ప్రతిరూపం.

మరి ఖరీదైన ఒంటిచేతి మందు ఎక్కువ మంచిదా అని మెడికల్ షాపు దగ్గర నన్నూ అడుగుతుంటారు. పంపు దగ్గర రెండు చేతులూ ఒకే రూపానికి మారతాయి. తేడా అంతా లివర్‌లో ఉంది. ఒకదాన్ని అది త్వరగా విరగ్గొడుతుంది, రెండోది కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. కొందరికి అది అవసరమే కావచ్చు. నా మట్టుకు నేను, వేళకి వేసుకున్న చవక మాత్ర, వేళ తప్పి వేసుకున్న ఖరీదు మాత్ర కంటే మేలంటాను.

ఎందుకో చెబితే మనుషులు వింటారనడానికి ఇంకో సంగతి. మా బాబాయికి స్టెంట్ వేశారు. ఆస్పిరిన్‌తో పాటు మోకాళ్ల నొప్పులకి సొంతంగా కొన్న ఐబుప్రోఫెన్ రోజూ కలిపి మింగేవాడు. ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లలోని ఎంజైమ్ మీద శాశ్వతంగా ముద్ర వేసి పోతుంది. ఐబుప్రోఫెన్ అదే చోట కాసేపు కూర్చుని లేస్తుంది. ఇది ముందు కూర్చుంటే ఆస్పిరిన్‌కి చోటు దొరకదు, ఇది లేచేసరికి ఆస్పిరిన్ రక్తంలో ఉండదు. ఈ మాట చెప్పగానే ఆయన ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. అంతకుముందు ‘రెండూ కలపొద్దు’ అని ఎవరో అంటే పట్టించుకోలేదు.

కాబట్టి నా విన్నపం ఇది. ఆరోగ్యం పేజీలో వారానికి ఒక్క మందు తీసుకోండి. పారాసెటమాల్, మెట్‌ఫార్మిన్, థైరాయిడ్ మాత్ర, ఏదైనా సరే. అది ఒంట్లో ఎక్కడికి వెళ్తుందో, దేన్ని పట్టుకుంటుందో, వేళ ఎందుకు పాటించాలో తెలుగులో రాయించండి. రాసేవాళ్లు దొరక్కపోతే తయారీ వరకు నేను రాసిస్తాను, వాడకం సంగతి డాక్టర్ల చేత చూపించుకోవచ్చు.

అమ్మ విషయం డాక్టరు గారితో మాట్లాడాం. క్యాప్సూల్ విప్పుకోవచ్చు కానీ గుళికలు నలగకూడదన్నారు, డోసు మళ్లీ తగ్గించారు. ఇప్పుడు పొద్దున ఆరున్నరకి గుళికల్ని నీళ్లతో మింగి, ఇడ్లీకి ఏడింటిదాకా ఆగుతోంది. ‘పంపులు లేవాలిగా’ అంటుంది. మీరు ఆ శీర్షిక మొదలుపెడితే అక్షరాలు కాస్త పెద్దవిగా వేయించమని మీకు చెప్పమంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రొడక్షన్ కెమిస్టు,
తెనాలి