గోవా వానలో అక్క నవల

గ్లాస్గో

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. మేమందరం ఇక్కడ క్షేమం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో, బావగారు మళ్లీ పొద్దున్నే నడకకు వెళుతున్నారో లేదో తప్పక రాయి. మిగిలిన ఉత్తరమంతా నీ నవల గురించే.

కోఠి మహిళా కళాశాలలో కలిసి చదువుకున్న ముగ్గురు స్నేహితురాళ్లు, హోటల్ గదులు చవకగా దొరుకుతాయన్న ఒకే ఒక్క కారణంతో జూలైలో గోవాకు బయలుదేరడం నాకు ఎంతో నచ్చింది. సికింద్రాబాద్ నుంచి వాస్కో డ గామా వెళ్లే రైలులో గుంతకల్లు రాకముందే పులిహోర అయిపోవడం, ఎవరు ఎక్కువ తిన్నారన్న విచారణ హుబ్బళ్లి దాకా సాగడం చదువుతూ ఎంత నవ్వానంటే, పక్కగదిలోంచి మా ఆవిడ వచ్చి చూసింది. ఆ అధ్యాయంలో ఒక్క అక్షరం కూడా మార్చకు.

గోవా చేరాక మాత్రం నీ కథలో వాన ఆగిపోయింది. జూలై నెలలో వెన్నెల రాత్రి సముద్రపు ఒడ్డున తాటాకుల షాక్‌లో (అంటే ఒడ్డున తాత్కాలికంగా వేసే పాక హోటల్లో) కూర్చుని కథానాయిక ప్రేమలో పడుతుంది. వానాకాలం రాకముందే, మే నెలాఖరుకల్లా, ఆ షాక్‌లన్నీ ఊడదీసేస్తారు. సముద్రంలోకి దిగవద్దని ఎర్రజెండాలు పాతుతారు. నువ్వు వెన్నెలను వదులుకుని వాననే ఉంచితే, ప్రేమలేఖ తడిసి, గొడుగు తిరగబడి, హాస్యం తనంతట తానే వస్తుంది.

ఇక నాయకుడు. తనకు మరపడవ ఉందనీ, రాత్రి తానే వేటకు వెళ్లి పట్టిన చేపలనీ చెప్పి వంజరాలు తెచ్చిస్తాడు గదా! పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు మరపడవల వేటకు నిషేధం. కాబట్టి అతని బండారం ఇక్కడే బయటపడాలి, కానీ వెంటనే కాదు. ముగ్గురిలో ఒకరిది కాకినాడ అని నువ్వే రాశావు. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. ఆ లెక్కే దేశమంతటికీ వర్తిస్తుందనుకుని, చేపల విషయం తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదన్న ధీమాతో, ఆ అమ్మాయే అతని అబద్ధానికి పూచీ పడితే ఎలా ఉంటుందో ఆలోచించు. అప్పుడు మోసపోయినది ఒకరు కాదు, ఇద్దరు. మూడో ఆమెకు మొదటి నుంచీ అనుమానమే. ప్రేమ చెడిన చోటే స్నేహానికి అసలు పరీక్ష మొదలవుతుంది, నీ నవలకు ప్రాణమూ అదే.

వీలైతే కథను జూన్ 24కు జరుపు. ఆ రోజు గోవాలో సాంజావ్ పండుగ. తలకు పూలకిరీటాలు పెట్టుకుని యువకులు బావుల్లోకి దూకుతారు. సముద్రవీరుడినని చెప్పుకున్న మనిషి ఈత రాక బావిగట్టు పట్టుకుని వేలాడితే, నిజం చెప్పడానికి వేరే సాక్షి అక్కరలేదు.

అతను క్షమాపణ చెప్పడానికి ట్యాంక్‌బండ్ మీద ప్రత్యక్షమయ్యే చివరి అధ్యాయాన్ని తీసివేయమని నా మనవి. సినిమా వాళ్లు చూసుకునే పని అది. దానికి బదులు తిరుగు ప్రయాణం రాయి. ముగ్గురికీ మాటలు లేవు, హోటల్ బిల్లు ఎవరి వాటా ఎంతో తేలలేదు, కానీ పెరుగన్నం ఒకరి దగ్గర, ఆవకాయ మరొకరి దగ్గర, చెంచా ఇంకొకరి దగ్గర ఉన్నాయి. కాచిగూడ చేరేలోగా ఎవరో ఒకరు నోరు విప్పక తప్పదు. నా మట్టుకు ఆ మొదటి మాట కాకినాడ అమ్మాయే అనాలి, అదీ క్షమాపణలా కాక చేపల మీద మరో ఉపన్యాసంలా ఉండాలి.

సవరించిన భాగాలను బావగారి చేత టైపు చేయించి పంపు. నీ చేతిరాతలో 'వల' ఏదో 'వాన' ఏదో పోల్చుకోవడం కష్టమైంది. అమ్మకు నా నమస్కారాలు చెప్పు, పూలకిరీటం అధ్యాయం మాత్రం ఆమె చేతికి అప్పుడే ఇవ్వకు.

ఇట్లు,
నీ తమ్ముడు